అరువు ఈకలు

ఆదివారం, మధ్యాహ్నం
షెల్టర్ మందుల గది నుంచి

ప్రియమైన వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ కుక్కలు, పిల్లులు, కాలు విరిగిన గాడిద, వాటి మధ్యన నేను, అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషనూ క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే ఎత్తవు. గుమ్మం దాకా వస్తే లోపల మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది గానీ తలుపు తెరుచుకోదు. అందుకే ఈ ఉత్తరం. చించి పారేయాలన్నా ముందు ఎవరు రాశారో చూడాలి కదా, ఆ కాస్త చూపు చాలు నాకు.

సూటిగానే చెప్తాను. అన్నయ్య పోయిన రోజు ఆసుపత్రి వరండాలో కళ్ళ బ్యాంకు వాళ్ళు వచ్చి అడిగితే, ఇద్దాం వదినా అన్నది నేనే. నువ్వు తలూపావు. ఇంటికొచ్చాక, కళ్ళు లేకుండా పంపించేశాం, ఆయనకి దారెలా కనిపిస్తుంది అని ఒక్క మాట అడిగావు. ఆ మాటే ఆఖరు, ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడలేదు. నువ్వు మళ్ళీ మాట్లాడాలి. ఈ ఉత్తరం రాసేది అందుకే. అయితే ముందు ఒక గద్ద సంగతి చెప్పాలి. నిన్న నేను చూసింది ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, ఇలాంటివి మొదట చెప్పేది నీకే కదా.

ఎవరో మహానుభావులు మేడ మీద కోళ్ళ బోనులో గద్దను పెంచారు. ఎందుకు పెంచారో వాళ్ళకే తెలియాలి. ఇల్లు మారుతూ బోనుతో సహా మా గేటు ముందు వదిలిపోయారు. తడిమి చూస్తే ఒక్క ఎముకా విరగలేదు. ఎక్స్‌రే కూడా బాగానే ఉంది. కానీ రెక్కల చివర ఉండే పెద్ద ఈకలు ఇనప వలకి కొట్టుకుని కొట్టుకుని సగానికి తెగిపోయాయి. అరిగిపోయిన చీపురుకట్టలు చూశావా, అలా ఉన్నాయి. గద్ద ఎగిరేది ఆ ఈకలతోనే.

ఈక పూర్తిగా పెరిగాక అందులో ప్రాణం ఉండదు వదినా. మన గోరైతే విరిగినా పెరుగుతుంది. ఈక విరిగితే అంతే, అది మొదలంటా రాలి దాని చోట కొత్తది మొలవాలి. ఈకలు రాలే కాలం ఇంకా చాలా దూరంలో ఉంది. అందాకా బోనులో ఉంచితే పాదాల కింద పుండ్లు పడతాయి, తిండి మానేస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. ఈ ఉద్యోగంలో నేను పట్టుకోవడానికి అసహ్యించుకునే, ప్రాణం తీసే సూది ఒకటుంది, అది నీకు తెలుసు.

ఇంకొక దారి ఉందని చదివాను గానీ ఎప్పుడూ చేయలేదు. చచ్చిపోయిన గద్ద ఈకలు తీసి బతికున్న గద్దకు అతికించడం. మా దగ్గర జంతువుల్ని పట్టుకునే మనిషిని మీసాలాయన అంటాం. ఆయనకీ మాట చెప్తే, డాక్టరమ్మగారు గద్దకు విగ్గు పెడుతున్నారు అని షెల్టరంతా టాంటాం వేశాడు. నవ్వితే నవ్వారులే అనుకున్నాను. వానాకాలంలో లారీ గుద్దిన గద్ద ఒకటి నా బల్ల మీదే ప్రాణం వదిలింది. బతికించలేకపోయానని అప్పుడు అన్నం సయించలేదు. దాని రెక్కల్ని పాత ఐస్‌క్రీం ఫ్రీజరులో దాచి ఉంచాను.

నువ్వు బట్టలు కుట్టే మనిషివి, ఈ పని చూస్తే ముచ్చటపడేదానివి. ఎడమ రెక్క ఈక కుడి రెక్కకు పనికిరాదు. వరసలో మూడోది మూడోదాని చోటే రావాలి, నాలుగోది నాలుగోదాని చోటే. చేతులు తారుమారు చేసి కుట్టిన చొక్కా ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? ఈక కాడ లోపల బోలుగా ఉంటుంది. వెదురు పుల్లని బ్లేడుతో సన్నగా చెక్కి, ఒక కొసని చచ్చిన గద్ద ఈకలో, రెండో కొసని బతికున్న గద్ద రెక్కలో మిగిలిన కాడలో దూర్చి, జిగురు చుక్క వేసి కలపాలి. జిగురు పక్క ఈకకు అంటకుండా కింద కాగితం ముక్క పెట్టాలి. గద్దకు మత్తిచ్చి పడుకోబెట్టాం. మీసాలాయన రెక్క పట్టుకున్నాడు. ఊపిరి కూడా నా మీద పడకుండా తల పక్కకి తిప్పుకున్నాడు.

ఆ ఈకలు పట్టుకుంటే ఏమైందో చెప్పనా? ఫ్రీజరులో నలిగి ఒకటి మధ్యకి చీలిపోయింది. చీలినచోట రెండు వేళ్ళ మధ్య పెట్టి కొస దాకా మెల్లగా లాగాను. కలిసిపోయింది. చీలిక జాడే లేదు. కంటికి ఆనని కొక్కేలు ఉంటాయి వాటికి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇన్నేళ్ళ చదువూ ఇంత సర్వీసూ ఉన్నా, అది చూసిన ప్రతిసారీ నేను నోరు తెరుచుకుని ఉండిపోతాను. హుక్కులు కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాచిన నువ్వు చూస్తే ఏమంటావో.

మరునాడు వల కట్టిన షెడ్డులో వదిలాం. లేచింది, లేచి ఎడమకి ఒరిగిపోయి వలకి కొట్టుకుని కిందపడింది. నా తప్పే. ఒక ఈక వెంట్రుకవాసి పక్కకి తిరిగి అతుక్కుంది. ఆ చోటికి పనికొచ్చే ఈక అదొక్కటే ఉంది నా దగ్గర. అతుకు దగ్గర కోసి మళ్ళీ పెట్టాలి, ఈసారి కూడా తప్పితే కోయడానికి కాడ మిగలదు. మీసాలాయన జోకులు మానేశాడు. జిగురు ఆరేదాకా ఆ ఈకని వేళ్ళతో అలాగే పట్టుకుని కూర్చున్నాను, నాకు తెలిసిన దేవుళ్ళనీ, తెలియనివాళ్ళనీ అందరినీ తలుచుకున్నాను.

నిన్న పొద్దున షెల్టరు డాబా మీదకి తీసుకెళ్ళి పెట్టె తెరిచాం. చాలాసేపు కదల్లేదు. తర్వాత పిట్టగోడ ఎక్కి ఒళ్ళు విదుల్చుకుంది. రెక్కలు విప్పింది. అతికించిన ఈకలు కాస్త నల్లటివి, విడిగా తెలుస్తున్నాయి. ఎండలో అన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. అది పెద్దగా రెక్కలు కొట్టను కూడా లేదు వదినా, గాలే దాన్ని ఎత్తుకుంది. ఒరగలేదు. నీళ్ళ ట్యాంకు దాటింది, కరెంటు తీగలు దాటింది, ఒక చుట్టు తిరిగింది, ఇంకా పైకి పోయి ఇంకో చుట్టు తిరిగింది. వానాకాలంలో నా బల్ల మీద చల్లబడిపోయిన ఈకలు అవి. ఎవరి ఒంటి మీద ఉన్నాయో వాటికి తెలియదు. గాలి తగిలింది, వాటి పని అవి చేశాయి.

మెడ నొప్పెట్టేదాకా చూశాం. మీసాలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. అంతలో కుక్కల అన్నం పొయ్యి మీద వదిలేసి వచ్చానని గుర్తొచ్చి ఇద్దరం కిందికి పరుగెత్తాం. అడుగంటింది. కుక్కలేమీ అనుకోలేదు.

ఆ ఈకలు దానికి శాశ్వతం కావు. కాలం వచ్చినప్పుడు కింద సొంత ఈక మొలిచి అరువు ఈకని నెట్టేస్తుంది, అది ఏ మేడ మీదో రాలిపోతుంది. అప్పటిదాకా బతకడానికి సరిపోతుంది.

ఎక్కడ తిరిగినా చివరికి ఎక్కడికి వస్తానో నీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది, నీ తెలివి నాకు తెలియనిదా. గద్దను చూపించి నిన్ను బుట్టలో వేసుకోవాలని కాదు. అన్నయ్య దారి గురించి నాకిప్పటికీ ఏమీ తెలియదు వదినా. నిన్న డాబా మీద నిలబడితే మాత్రం, ఈ ఎండని ఇప్పుడు ఎవరో అన్నయ్య కళ్ళతో చూస్తూ ఉంటారు అనిపించింది. వాళ్ళెవరో బ్యాంకు వాళ్ళు మనకు చెప్పరు. ఏ కూరగాయల కొట్లోనో నీ పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంటున్నా మనం గుర్తుపట్టలేం. అనిపించాక ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ సమయంలో నువ్వు పక్కన లేవన్నదొక్కటే లోటు.

వచ్చే ఆదివారం రా. రావాలనిపించకపోతే ఫోనెత్తి తిట్టు. అదీ కాకపోతే తలుపు తీసి మొహాన వేసేయి, తెరుచుకున్నట్టు అవుతుంది కదా.

ఎప్పటికీ నీ ఆడపడుచు,
కుక్కల డాక్టరు

తా.క.: కవరు అంటించేశాను, మళ్ళీ చింపి రాస్తున్నాను. ఇది రాయకపోతే పైన రాసిందంతా సగమే అవుతుంది. ఇద్దామన్న మాట నాది కాదు వదినా, అన్నయ్యది. పోయినేడాది డ్రైవర్లకి కంటి పరీక్ష అయ్యాక, బస్సు డిపోలో పెట్టి నేరుగా ఇక్కడికి వచ్చాడు. చిట్టచివరి వరస కూడా గడగడా చదివేశానని ఒకటే గొప్పలు. “ఇంత మంచి సరుకు మట్టిపాలు చేయకండే, నేను పోతే ఎవరికైనా ఇచ్చేయండి. మీ వదినకి నువ్వు చెప్పకు, ఏడుస్తుంది. నేనే టైము చూసి చెప్తాలే” అన్నాడు. ఆ టైము ఆయనకి దొరకలేదు. వరండాలో నువ్వు నా మొహంలోకి చూసినప్పుడు ఆయన కోరిక అని చెప్పబోయాను. నీకు చెప్పకుండా నాకు చెప్పాడని తెలిస్తే నీ కోపం ఆయన మీదికి పోతుందని నోటిదాకా వచ్చింది మింగేశాను. పోయినవాడి మీద కోపం వస్తే ఎవరిని తిట్టుకుంటావు? నేనైతే ఉన్నాను కదా అనుకున్నాను.