కాసేపటికే ఆగిపోయే ఇంజిన్

హఫర్ అల్ బాతిన్,
14 ఫిబ్రవరి 1992, శుక్రవారం.

తమ్ముడు ఇస్మాయిల్‌కు,

హేమసుందర్ అన్న రాస్తున్నాను. ఇక్కడ ఎయిర్ బేస్‌లో నేనూ, మీ యజమాని ఇంటి పనిలో నీ భార్య ఖాసింబీ కులాసాగానే ఉన్నాం. రాయచోటిలో నువ్వూ, అమ్మ జైనాబీ గారూ ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మగారికి నా సలాములు చెప్పు.

నా మీద కూడా అలిగావని తెలుసు. ఇంతకుముందు రాసిన ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేదు. అలుగు, కాదనను. కానీ ఇది చదివాక అలగడానికి నీకు కారణం దొరకదు. మీ యజమాని, కఫీల్ అబూ మాజిద్ గారి విమానం బాగుపడిందయ్యా! అది చెడిపోవడంలో నీ తప్పు రవ్వంత కూడా లేదని తేలింది.

కువైట్ యుద్ధం ముగిశాక అబూ మాజిద్ ఆ రెండు సీట్ల విమానాన్ని గోధుమ పొలాల మీద మందు చల్లడానికి బయటికి తీయడం, ఇంజిన్ చక్కగా మొదలై కాసేపటికే ఆగిపోవడం, మంచి పెట్రోలు అమ్ముకుని ట్యాంకులో చెత్త పోశావని ఆయన నిన్ను అందరి ముందూ దొంగ అనడం, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపేయడం, అన్నీ నేను సెలవు మీద ఊళ్లో ఉండగానే జరిగిపోయాయి. కారు నడిపేదీ నువ్వే, విమానం షెడ్డులో పడుకుని కాపలా కాసేదీ నువ్వే కాబట్టి నింద నీ నెత్తినే పడింది. తిరిగొచ్చి విన్నాక, విమానం సంగతి నేను చూస్తానని ఆయనకు చెప్పాను. బేస్‌లో ఇంజిన్లు బాగుచేస్తే జీతమిస్తారు, అబూ మాజిద్ ఇంట్లో బాగుచేస్తే ఖర్జూరాలూ గహ్వా కాఫీ ఇస్తారు. అయినా ప్రతి శుక్రవారం వెళ్లాను. ఆయన కోసం కాదని నీకు వేరే చెప్పాలా?

ముందు పెట్రోలు సీసాలోకి తీసి చూశాను. నీళ్లు లేవు, మడ్డి లేదు. చూడండి మహానుభావా అని సీసా ఆయన ముక్కు దగ్గర పెట్టాను. ఇంజిన్ నడిస్తేనే నమ్ముతానన్నాడు. మొండిఘటం. ప్లగ్గులు విప్పి తుడిచాను. మాగ్నెటోలు చూశాను, నిప్పురవ్వ బాగానే వస్తోంది. తగలబడిన కువైట్ చమురు బావుల పొగ మసి ఎయిర్ ఫిల్టర్ నిండా పేరుకుని ఉంటే అది మార్చాను. కార్బురేటర్‌ను ఒక దుప్పటి మీద విడదీసి కడిగాను, ఆ దుప్పటి కోసం పాపం ఖాసింబీ, అబూ మాజిద్ భార్య మేడం చేత చీవాట్లు తింది. మళ్లీ బిగించి తిప్పితే హాయిగా నడుస్తుంది. నేను మురిసిపోయేలోపే దగ్గి ఆగిపోతుంది. కాసేపు వదిలేసి తిప్పితే మళ్లీ అదే తంతు. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, వినేవాళ్లకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

కిందటి శుక్రవారం ఇంజిన్ ఆగిన వెంటనే ఎందుకో రెక్క మీదికెక్కి ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. అప్పుడు వెలిగింది నాకు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లాలి కదా, దానికోసం రెక్క కింద చిటికెన వేలంత గొట్టం ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు ఇంజిన్‌కు దిగదు. వెళ్లి చూద్దును కదా, గొట్టం నోరు పూడిపోయి ఉంది. కందిరీగ మట్టి గూడు కట్టింది. పుల్లతో గీకి పారేశాను. ఆ తర్వాత సాయంత్రం అసర్ నమాజు అజా వినబడి నేనే ఆపేదాకా ఇంజిన్ ఆగలేదు.

అబూ మాజిద్‌కు కందిరీగ సంగతి చెప్పాను. ఆయన తల దించుకుని, ఇస్మాయిల్‌కు అన్యాయం చేశాను, వస్తానంటే వీసా పంపుతాను, రానంటే అతని భార్యకు ఎగ్జిట్ ఇస్తాను అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

ఇక ఖాసింబీ సంగతి. నిన్ను దొంగ అన్న రోజు ఆమె నీ తరఫున ఒక్క మాట మాట్లాడలేదని నీ కోపం. ఆ మాటే అడిగాను. మేడం పక్కనే నిలబడి ఉండె అన్నా, అరబీలో నాకు తిట్లు అర్థమయితాయి గానీ తిరిగి చెప్పేదానికి మాటలు రావు, అంది. ఇన్నాళ్లుగా నీ దగ్గర్నుంచి ఒక్క జాబు కూడా లేదట. ఆయన నన్ను ఇడిసిపెట్టినాడేమో అన్నా, అని అడిగితే నేనేం చెప్పను? నాకు ఏడుపొచ్చింది ఇస్మాయిల్. వీసానా ఎగ్జిట్టా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. ముందు మాత్రం ఆమెకు నీ మాట అందాలి.

నీ మంచి కోరే అన్న,
హేమసుందర్

తా.క.: పైదంతా ఖాసింబీకి చదివి వినిపించాను. ఇది మాత్రం నువ్వొక్కడివే చదువుకో, ఆమెకు ఎప్పటికీ చెప్పకు. గొట్టంలో కందిరీగా లేదు, మట్టీ లేదు. దాని నోటికి టేపు చుట్టి ఉంది. మసి పట్టి గొట్టం రంగులో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. దాన్ని ఊడదీసి, ఇది ఎవరి పనా అని ఆలోచిస్తుంటే, టీ తెచ్చిన ఖాసింబీ మాటల్లో మాటగా తానే చెప్పింది. యుద్ధం మొదలైన రోజు విషవాయువు వస్తుందని అందరం కిటికీలకూ తలుపులకూ టేపు అంటించాం కదా. మేడం ఇల్లంతా మూయించాక మిగిలిన చుట్ట పట్టుకుని ఆమె నీ షెడ్డుకు పరిగెత్తిందట. నువ్వు కారు తీసుకుని వెళ్లి ఉన్నావట. ఆయన పండుకునే చోటు కదన్నా, ఏడ బొక్క కనపడితే ఆడ అంటించినా, ఇమానం గొట్టం కూడా ఇడవలే, అంది. నీకు దొంగ పేరు రావడానికి అదే కారణమని ఆమెకు తెలియదు. తెలిస్తే తట్టుకోలేదు. అందుకే టేపు జేబులో దాచుకుని కఫీల్‌కూ ఆమెకూ కందిరీగ కథ చెప్పాను; తన టేపు ఎప్పుడో ఊడిపోయిందనే ఆమె అనుకుంటోంది.

షెడ్డుకే చుట్ట అంతా అయిపోయి, తాను పడుకునే గది కిటికీకి టేపు మిగల్లేదట. నవ్వుతూ చెప్పింది. ఇది అందిన రోజే జవాబు రాయి. నాకు కాదు, ఆమెకు.