బ్రష్షులు పంచేసిన మనిషి

మల్లన్న బావకు నమస్కారం.

ఫోన్ చేస్తే మీ తమ్ముడు వింటాడని, ఈ ఉత్తరాన్ని పక్కింటి కృష్ణమ్మ చేతికిచ్చి కార్వాన్‌లోని మీ దుకాణానికి పంపుతున్నాను. మొన్నటి వానకు షెడ్డు కూలి, ఆయన చేసిన మట్టి వినాయక విగ్రహాలన్నీ కరిగిపోయాక తిండి, నిద్ర మానేశాడు. నిన్నటి నుంచి మాత్రం నవ్వుతున్నాడు. విగ్రహాలకు కళ్లు దిద్దే బ్రష్షులన్నీ ధూల్‌పేట్‌లో తోటి పనివాళ్లకు పంచేసి వచ్చాడు.

"గవి నాకింకెందుకే? ఫికర్ చెయ్యకు" అన్నాడు.

పొద్దున ధైర్యం చేసి అడిగాను: "పానం తీసుకుందామనుకుంటున్నవా ఏంది?"

కాదనలేదు. "అన్నను ఒక్కసారి చూడాల్నని ఉంది" అన్నాడు.

దవాఖానకు నాతో రానంటున్నాడు. మీరు పిలిస్తే వస్తాడు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల కొత్త చొక్కా తొడుక్కుంటున్నాడు. ఎక్కడికో చెప్పడం లేదు. దుకాణం మూసి ఇప్పుడే రండి, బావా.

మీ మరదలు