ఎడమ తలుపు సొట్ట

పెద్దోడా,

కారు చూడటానికి బ్రోకరు నాలుగింటికి వస్తాడు. తాళాలూ కాగితాలూ బీరువా మీద పెట్టాను. క్లచ్ జారుతోందని అతను అడగకముందే చెప్పు. అబద్ధమాడి అమ్ముకునే ఖర్మ నాకు పట్టలేదు. ఎడమ తలుపు సొట్ట చూపించి ధర తగ్గిస్తాడు, తగ్గించుకోనీ. అది తీయించమని నువ్వు మళ్లీ నా చెవిలో పోరు పెట్టకు. ఎవరు గుద్దారని అడిగితే మా నాన్నే అని చెప్పు. మీ అమ్మ పేరు ఎత్తకు.

నేను బస్టాపులో కూర్చుంటాను. కారు వెళ్లిపోయాక ఫోన్ చెయ్యి, అప్పుడొస్తాను.

నాన్న

గేటుకు గుద్దిన రోజు వీధంతా వినేలా అరిచాను. మీ అమ్మ మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. పోయేదాకా పన్నెండేళ్లు నా పక్కనే కూర్చుంది. నడుపుతావా అని నేను ఒక్కసారీ అడగలేదు.