ఉపవాస దినాల్లో మోగిన అడూఫు

వాలె ద ఉర్జె గ్రామ నివాసి, కాలం చేసిన జొవకీం రోలు భార్య, ముప్పై ఏళ్లు ఉన్ని కడిగి బతికిన ఎతెల్వీనా రోలు అనే నేను, డెబ్భై ఆరో ఏట, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నాకు చదువు రాదు. చెప్పింది చెప్పినట్టు రాయాలని, రాసింది రెండుసార్లు పైకి చదివి వినిపించాలని నోటరీ గుమాస్తాతో ముందే ఒప్పందం చేసుకున్నాను. మోకాళ్లు పోయాయి గాని బుద్ధి పోలేదు. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి నాతో ఒక పూట తగువాడి చూసుకోవచ్చు.

ఒకటి. నేనుంటున్న ఇల్లు, వెనక దొడ్డి, వాలులో ఉన్న పదకొండు చెర్రీ చెట్లు మా అక్క దెయోలిందా కొడుకు అబీలియుకు చెందుతాయి. నాకు పిల్లలు లేరు, వాడే. వాగు పక్కనున్న చెట్టు కాయదు. అయినా దాన్ని నరకడానికి వీల్లేదు. అది నా ఈడుది.

రెండు. నా చెవుల బంగారు పోగులు అబీలియు కూతురు ఇల్దాకు. దాచుకోవడానికి కాదు, పెట్టుకోవడానికి.

మూడు. చర్చిలో కుడివైపు మూడో బెంచీకి దూది పరుపు కుట్టించాలి. 1967లో అప్పటి ఫాదర్ నా పేరెత్తకుండా, ప్రసంగమంతా ఆ బెంచీ వైపే చూస్తూ చెప్పాడు. ఆ రోజు అది చాలా గట్టిగా ఉంది. ఇకమీద అక్కడ కూర్చోవలసి వచ్చిన ఆడదానికి కొంచెం మెత్తగా ఉండాలి.

నాలుగు. నా అడూఫు మా అక్క దెయోలిందాకు చెందుతుంది. ఎందుకో రాయించాలి. రాయించకపోతే నేను భయపడి ఇచ్చానంటారు.

ఆస్తి వివరం: ఆలివ్ కర్ర చట్రం, రెండువైపులా మేకతోలు, లోపల గింజలు, నలుచదరపు డప్పు. మా అమ్మది. మా వైపు దీన్ని ఆడవాళ్లే కొడతారు, మగవాడు ముట్టడు. ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు నల్లగుడ్డ చుట్టి మేకుకు తగిలిస్తే ఈస్టరు దాకా దించకూడదు. అక్కా నేనూ జంటగా కొట్టేవాళ్లం. నా చెయ్యి అడిగేది, తన చెయ్యి జవాబు చెప్పేది.

అబీలియు పసివాడుగా నా ఒళ్లో కూర్చుని ఆ దెబ్బ నేర్చుకున్నాడు. అడూఫు ముట్టనివ్వరు గనుక పిండి పెట్టె మీద కొట్టేవాడు. పెద్దవాడయ్యాక పట్నం డ్రమ్ములు కొన్నాడు. మందుల షాపు వాళ్ల అబ్బాయి గ్వాల్తెర్ గిటారు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, నలుగురూ కలిసి గోరింకలు అని పేరు పెట్టుకుని, జుట్టు పెంచి, పెళ్లిళ్లలో వాయించేవాళ్లు. పన్నెండు పాటలతో ఒక పెద్ద రికార్డు చేద్దామనుకున్నారు. అంతలో అబీలియుకు సైన్యం పిలుపు వచ్చింది. మార్చిలో గినీ యుద్ధానికి ఓడ. కొవిల్యాలోని రేడియో సంఘంవాళ్లు టేపు యంత్రం రెండు రోజులకే ఇస్తామన్నారు. ఆ రెండు రోజులూ ఉపవాసాల రెండో వారంలో పడ్డాయి.

రాతిగోడలు బాగా పలుకుతాయని మా ఉన్ని కొట్టులోనే యంత్రం పెట్టారు. మొదటి రోజు పదకొండు పాటలు అయిపోయాయి. పన్నెండోది మా ఊరి కోతపాట. అడూఫు లేకపోతే అది కుంటుతుంది. రమ్మన్నారు. రానన్నాను. నల్లగుడ్డ చుట్టేశాను, ఇంకేం మాట్లాడకండి అన్నాను.

రెండో రోజు పొద్దున ఉన్ని తీసుకుని కొట్టులోకి వెళ్తే అబీలియు ఒక్కడే కూర్చుని, నున్నగా గొరిగిన తలతో, అదే దెబ్బ సాధన చేస్తున్నాడు. వాడు బతిమాలలేదు. “ఏం లేదు పిన్నీ, నువ్వు లేకుండా ఎక్కడ ఆగిపోతోందో చూసుకుంటున్నా” అన్నాడు. ఇంటికెళ్లి నల్లగుడ్డ విప్పాను.

ఇందులో నా తప్పేమిటో నలభై రెండేళ్లుగా నన్నెవరూ అడగలేదు, తీర్పు మాత్రం చెప్పేశారు. అందుకని ఇప్పుడు జవాబు రాయిస్తున్నాను. ఉపవాసాలు ఏటా వస్తాయి. ఓడెక్కిన పిల్లవాడు వస్తాడని ఎవరు రాసిచ్చారు?

గ్వాల్తెర్ నన్ను కాపాడబోయి రికార్డు అట్ట మీద అందరి పేర్లూ వేసి నన్ను “ఒక పల్లెటూరి స్త్రీ” అని వేయించాడు. చదువుకున్నవాడి తెలివి అంతే. గొంతును బట్టి మనిషిని పోల్చినట్టు మా వైపు ఆడవాళ్లు అడూఫు మీద చెయ్యిని పోల్చుకుంటారు. జూన్‌లో కిరాణా కొట్టువాడి రేడియోలో ఆ పాట వచ్చింది. మొదటి చరణం కూడా అయిందో లేదో, మా అక్క సరుకుల సంచి కింద పెట్టి, “ఆ ఎడమ చెయ్యి మా చెల్లిది” అందట. రికార్డు ఎప్పుడు చేశారో అట్ట మీద ఉండనే ఉంది. మర్నాడు బట్టలుతికే తొట్టి దగ్గర పదిమందిలో నాతో అన్న మాట ఇది: “నువ్వు కొట్టింది తోలు మీద కాదే, నా కొడుకు నొసటి రాత మీద.” అదే ఆఖరి మాట. మా ఇళ్ల మధ్య వీధి నాలుగడుగులు.

లిస్బన్ పత్రిక గిటారుకు మేకను కట్టేశారని వెక్కిరించింది. మూడువందల రికార్డుల్లో సగం మందుల షాపు అటకెక్కాయి. కాని అబీలియు ఒకటి గినీకి తీసుకెళ్లాడు. మా కొండల కుర్రాళ్లు గాడులు అరిగేదాకా ఆ పన్నెండో పాటే వేసుకున్నారట. వాడు రెండేళ్లకు తిరిగొచ్చాడు, కుడి చెవి మందుపాతరకు ఇచ్చి. ఆ చెవి నా పాపానికి జరిమానా అని అక్క లెక్క. మిగతా పిల్లవాడంతా ఎవరి పుణ్యమో మాత్రం ఆ లెక్కలో లేదు.

అయినా ఒకటి చెప్పాలి. ప్రతి క్రిస్మస్‌కీ నా కిటికీ గట్టు మీద ఒక పళ్లెం నిండా వేయించిన పిండివంట ఉంటుంది. ఎవరు పెట్టారో నేను అడగను. పళ్లెం కడిగి తన గట్టు మీద పెడతాను.

ఇప్పుడు ఆ రికార్డును ఈస్టరుకు మళ్లీ విడుదల చేస్తున్నారు. ఇల్దాలాంటి ఆడపిల్లలు పట్నాల్లో గుంపులు కట్టి అడూఫు కొడుతున్నారట, వాళ్లకు కావాలట. పోయిన గురువారం నమూనా రికార్డు వస్తే అబీలియు వాళ్లింటి కిటికీ తెరిచి మోగించాడు. నేను నా కిటికీలోంచి చూస్తున్నాను. గుమ్మంలో మా అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పన్నెండో పాట వచ్చింది. నా చెయ్యి అడిగే చోట ఆమె వేళ్లు కాయ వదిలేసి గిన్నె అంచు మీద జవాబు కొట్టాయి. ఒకసారి కాదు, పాట అయ్యేదాకా. ఆ రికార్డులో ఏదో తక్కువైందని నాకు మొదటినుంచీ తెలుసు. అదేమిటో గురువారం చూశాను.

కాబట్టి అడూఫు ఆమెది. షరతు ఒకటే. నన్ను సాగనంపేటప్పుడు దాన్ని మోగించాలి, నేను ఉపవాసాల్లో పోయినా సరే. నా వాటా పాపం నేను మోసాను, కొంచెం తను మోస్తే అరిగిపోదు.

ఐదు. ఈ వీలునామా అమలు చూడవలసినవాడు గ్వాల్తెర్. కొత్త అట్ట మీద నా పేరు వేయాలి, దాని పక్కన నా వేలిముద్ర కూడా. పేరు ఎవరైనా రాసేయగలరు. సారాలో ఊరబెట్టిన చెర్రీల జాడీ వాడికి. చక్కెర జబ్బు గనుక తినకూడదు, చూసుకుంటూ ఉండాలి. క్షమించాను గాని పూర్తిగా కాదు.

ఆరు. నాలుగో అంశం నేను పోయేదాకా దాచిపెట్టడానికి కాదు. అబీలియు దాని నకలు ఇవాళే తీసుకెళ్లి వాళ్లమ్మకు గట్టిగా చదివి వినిపించాలి. రేపు బూడిద బుధవారం. నల్లగుడ్డ ఉతికి ఆరేశాను. పొద్దుగుంకేదాకా మాత్రం అడూఫు బల్ల మీదే ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. ఆమె రాకపోతే ఈస్టరు దాకా ఆగుతాను. నాకు ఆగడం వచ్చు.

రెండుసార్లు చదవగా విన్నాను, సరిగానే ఉంది. కుడి చేతి వేలు వేయడం ఆనవాయితీ అని గుమాస్తా అంటున్నాడు. నేను ఎడమ బొటనవేలే వేస్తున్నాను. మా అక్కకు తెలిసిన చెయ్యి అది.

2009 ఫిబ్రవరి 24, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు, వాలె ద ఉర్జె.

ఎతెల్వీనా ద కొన్సైసావ్ రోలు, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: ఒర్లాందు పిరెస్ గార్సీయా, రొట్టెల బట్టీ యజమాని. జెనొవేవా సలవీసా, పోస్టుమాస్టరు.