ఈపొద్దు పుట్టినోని దగ్గు

ఎర్రగుంట్ల

నాగలతకు, ప్రభువు కృప నీకూ పాపకూ తోడుండుగాక.

మా సిమెంటు ఫ్యాక్టరీని వేరేవాళ్లకు అమ్మేశారు. పాత సర్వీసు వదులుకుని కొత్తగా చేరినట్టు మేము సంతకాలు పెట్టాలట. కొత్త మేనేజరు నవ్వుతూ, "తిరిగి పుట్టాలని చర్చిలో నువ్వే చెప్తావంట గదప్పా జయరాజూ! ఈపొద్దే పుట్టినావనుకో" అన్నాడు.

"ఈపొద్దు పుట్టినోనికి ఇరవై ఏండ్ల దగ్గు యాడిది సార్?" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే వరుసలో నిలబడి సంతకాలు పెట్టారు. ఆదివారం నా వాక్యానికి ఆమెన్ చెప్పే నోళ్లే అవన్నీ! గడ్డి ఇవ్వకుండానే ఇటుకలు చేయమన్న ఐగుప్తు రాజు ఫరోలాంటి వీళ్లకు నేను లొంగను. శనివారంలోగా సంతకం పెట్టకపోతే గేటులోకి రానివ్వరు.

గొర్రె ఈనిందా? పాపను బడి మాన్పించొద్దు. మిరప కోతలకు పోయే బండిలో నాకూ చోటు ఉంచమని మీ అన్న గోపన్నకు చెప్పు. అత్తమ్మకు వందనాలు. వీళ్లు చెరిపిన సర్వీసును దేవుడు చెరపడు.

జయరాజ్