గ్లాసులో దోమలు

ఎల్లారెడ్డి ఊరు, మంగళవారం

మా ఆయనకు మళ్లీ చలిజ్వరం వచ్చింది. పోయినసారి జ్వరమొచ్చినప్పుడు, నీళ్లలో పురుగులే దోమలవుతాయని, ఆ దోమలే ఈ జ్వరం తెస్తాయని దవాఖాన కాంపౌండరు చెబితే అత్తమ్మ నవ్వింది. అందుకే పది రోజుల కింద మా నీళ్ల గోలెంలో పురుగులున్న నీళ్లు గ్లాసుతో ముంచి, గుడ్డ కట్టి దాచాను. ఈ రోజు చూస్తే పురుగులు లేవు, గుడ్డ కింద దోమలు ఎగురుతున్నాయి.

భయపడుతూనే అత్తమ్మకు చూపించాను.

"ఓయమ్మో, పురుగుకు రెక్కలొచ్చినయా! సరే, గోలెం పారబొయ్యి. తెల్లారేసరికి నా కొడుకు జ్వరం దిగాలె. దిగకపోతే నీ సంగతి చెప్త," అంది.

గోలెమంతా తోడి పారబోశాను. నీళ్లు పారబోస్తే కొత్త జ్వరం రాదన్నాడు గానీ, వచ్చిన జ్వరం పోతుందని కాంపౌండరు అనలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

లోపల ఆయన పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అత్తమ్మ మంచం పక్కనే కూర్చుని, తెల్లారడం కోసం చూస్తోంది.