మస్కట్టు దారి వాలా, ఎదురా

ఏమే సత్యవతీ,

నీ సంవత్సరీకం కాగానే మన అమ్మాయి మళ్ళీ మస్కట్టు పనికి వెళ్ళిపోయింది. హైదరాబాదులో పదింటికి విమానం ఎక్కింది, మూడున్నర గంటల దారట. దిగి ఫోన్ చేసినప్పుడు మన గడియారంలో ఒకటిన్నర, అక్కడ పన్నెండేనంది.

"గంటన్నర ఏమైపోయిందే?" అన్నాను.

"వచ్చేటప్పుడు తిరిగొచ్చేస్తుందండి నాన్నగారూ."

"పడవ నడిపినోడికి చెప్తావా? వెళ్ళేటప్పుడు ఏటి వాలు, వచ్చేటప్పుడు ఏటికెదురు. అంతేగా?"

"ఆయ్, అంతేనండి" అని నవ్వింది.

అది తేలిపోయింది. తేలనిది ఇంకోటుంది. నిరుడు మంచం పట్టి నువ్వు దాన్ని చూడాలన్నావు. వెంటనే కబురు చేశాం. నువ్వు పోయిన నాలుగో రోజుకి వచ్చింది. ఎంత ఎదురైనా మూడున్నర గంటల దారికి అన్ని రోజులా? నేను అడగలేదు. మొన్న నీ పటం ముందు చాలాసేపు కూర్చుంది. నీకేమైనా చెప్పిందా?